మోటర్‌హోమ్ జనరేటర్ మొరాయిస్తే: లైట్ బ్లింకుల నుంచి కార్బరేటర్ జెట్ దాకా

ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి చదివే సైట్‌లో జనరేటర్ గోల ఏంటి అనుకోకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లలో వేసవి రాగానే ఆర్‌వీ అద్దెకి తీసుకుని, లేదా నలుగురు కలిసి ఓ పాత బండి కొనుక్కుని నేషనల్ పార్కులకి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. బండిలో టీవీ, ఫ్రిజ్, సోలార్ అన్నీ చూసి కొంటారు. జనరేటర్‌ని మాత్రం బటన్ నొక్కితే "ఆ, స్టార్ట్ అయింది" అనేసి వదిలేస్తారు. అసలు ఆ బండిలో ఉన్న అతి పెద్ద పవర్ బ్యాంక్ అదే!

మేం ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి డాలస్‌లో 2006 మోడల్ మోటర్‌హోమ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అందులో ఉన్నది 4,000 వాట్ల పెట్రోల్ జనరేటర్. జూలైలో ఖమ్మం నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లని ఎల్లోస్టోన్ తీసుకెళ్లాలని ప్లాన్. సుమారు 1,400 మైళ్ల దారి. ఇక్కడే అసలు చిక్కు. నాన్నకి స్లీప్ ఆప్నియా. రాత్రంతా సీపాప్ మెషిన్ పెట్టుకునే పడుకోవాలి. కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది. అంటే ఈ జనరేటర్ మాకు ఏసీ కోసమో, మైక్రోవేవ్ కోసమో కాదు. బండి కొనేటప్పటికి అది ఏడాదిన్నర నుంచి ఆన్ చేయకుండా పడి ఉంది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు.

ఓ రిపేర్ షాపుకి తీసుకెళ్తే ఒక్క స్క్రూ కూడా విప్పకుండా "కార్బరేటర్ కొత్తది వేయాలి, కంట్రోల్ బోర్డు కూడా మార్చాలి, 1,600 డాలర్లు" అన్నారు. ముగ్గురం సాఫ్ట్‌వేర్ వాళ్లమే. లాగ్ చూడకుండా సర్వర్ మార్చేయమంటే ఎలా ఉంటుందో మాకు అలా అనిపించింది. బండి వెనక్కి తెచ్చేసుకున్నాం.

ముందు మీ దగ్గర ఉన్నదేంటో తెలుసుకోండి

అమెరికా ఆర్‌వీల్లో ఎక్కువగా కనిపించేది కమ్మిన్స్ ఒనాన్ జనరేటర్. ఒనాన్ 1920లో మినియాపోలిస్‌లో మొదలైన కంపెనీ, తర్వాత కమ్మిన్స్ చేతికి వచ్చింది. కమ్మిన్స్ అంటే మనకి కొత్తేం కాదు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో డీజీ సెట్ల మీద చూసే పేరే. పెట్రోల్ బండ్లలో పెట్రోల్ జనరేటర్, పెద్ద డీజిల్ బస్సుల్లో డీజిల్ జనరేటర్, ట్రైలర్లలో కొన్నిటికి వంట గ్యాస్‌తో నడిచే ప్రొపేన్ జనరేటర్ ఉంటాయి. నేను చెప్పేదంతా పెట్రోల్ రకం గురించే.

అద్దె బండి అయినా సరే, మూడు విషయాలు తెలిసి ఉండాలి.

మొదటిది, జనరేటర్‌కి వేరే ట్యాంక్ ఉండదు. బండి ట్యాంక్‌లోంచే తాగుతుంది. కానీ దాని పీల్చే గొట్టం ట్యాంక్ అడుగు దాకా వెళ్లదు, సుమారు పావు ట్యాంక్ ఎత్తులోనే ఆగుతుంది. అడవిలో జనరేటర్ వేసుకుని మొత్తం పెట్రోల్ తగలబెట్టేసి ఇంటికి రాలేని పరిస్థితి రాకూడదని చేసిన ఏర్పాటు ఇది. కాబట్టి ముల్లు పావు దగ్గర ఉన్నప్పుడు జనరేటర్ ఆగిపోతే అది రిపేర్ కాదు, డిజైన్. ఈ ఒక్క ముక్క తెలియక మెకానిక్‌కి ఫోన్ చేసేవాళ్లు బోలెడు మంది.

రెండోది, దాని సెల్ఫ్ తిరిగేది సాధారణంగా ఇంటి బ్యాటరీ మీద. మోటర్‌హోమ్‌లో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. బండి ఇంజన్‌కి ఒకటి, లోపల లైట్లు, ఫ్యాన్లకి వేరేది. బండి భేషుగ్గా స్టార్ట్ అవుతుంది, జనరేటర్ మాత్రం టిక్కు టిక్కు అంటుంది అంటే ఇంటి బ్యాటరీ పడిపోయిందని అర్థం. చాలా బండ్లలో డాష్‌బోర్డ్ దగ్గర ఎమర్జెన్సీ స్టార్ట్ అనో, బ్యాటరీ బూస్ట్ అనో ఓ బటన్ ఉంటుంది. అది నొక్కి పట్టుకుంటే రెండు బ్యాటరీలూ కలుస్తాయి. అప్పుడు ట్రై చేయండి.

మూడోది, జనరేటర్ ఒంటి మీదే ఓ బ్రేకర్ ఉంటుంది. ఇంజన్ చక్కగా తిరుగుతూ లోపల కరెంటు రాకపోతే ముందు చూడాల్సింది అదే. ఇంకో సంగతి, స్టార్ట్ చేసిన వెంటనే లోపలికి కరెంటు రాదు. ట్రాన్స్‌ఫర్ స్విచ్ కాసేపు ఆగి, వోల్టేజ్ కుదురుకున్నాక కలుపుతుంది. కంగారు పడి మళ్లీ ఆఫ్ చేయకండి.

లైట్ మెరుస్తోందా? లెక్కపెట్టండి

ఇది మన సైట్ పాఠకులకి బాగా నచ్చే భాగం. ఒనాన్ పెట్రోల్ మోడల్స్‌లో స్టార్ట్ స్విచ్ మీదున్న చిన్న లైటే ఎర్రర్ లాగ్. జనరేటర్ తనంతట తాను ఆగిపోతే ఆ లైట్ బ్లింక్ అవుతుంది. నాలుగుసార్లు మెరిసి ఆగి మళ్లీ నాలుగుసార్లు మెరిస్తే "చాలాసేపు సెల్ఫ్ తిప్పాను, ఇంజన్ అందుకోలేదు" అని. మూడుసార్లు మెరిస్తే "లోపల ఇంకో కోడ్ ఉంది చూసుకో" అని. అప్పుడు స్టాప్ బటన్ మూడుసార్లు గబగబా నొక్కాలి. రెండంకెల కోడ్ వస్తుంది. మూడు బ్లింకులు, చిన్న గ్యాప్, ఆరు బ్లింకులు, పెద్ద గ్యాప్ వస్తే 36 అన్నమాట.

36 అంటే ఆర్‌వీ వాళ్లందరికీ కంఠతా వచ్చిన నంబర్. కంట్రోల్ బోర్డు ఆపమని చెప్పలేదు, అయినా ఇంజన్ ఆగిపోయింది అని దాని అర్థం. ప్రోగ్రామర్ భాషలో "అన్‌నోన్ ఎక్సెప్షన్". పెట్రోల్ అందకపోయినా అదే, కార్బరేటర్ మూసుకుపోయినా అదే, వైర్ లూజ్ అయినా అదే. 27 వస్తే అది వేరే కథ. తయారైన వోల్టేజ్ బోర్డుకి కనిపించట్లేదని. అప్పుడు పెట్రోల్ వైపు వెళ్లకుండా బ్రష్‌లు, వైర్లు చూడాలి.

ఎండలో ఆ చిన్న లైట్‌ని చూస్తూ లెక్కపెట్టడం కష్టం. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి ఓ అర నిమిషం వీడియో తీయండి, నీడలోకి వచ్చి తాపీగా లెక్కపెట్టుకోండి. ఏ మెకానిక్‌కైనా వాట్సాప్‌లో పంపొచ్చు కూడా. దీనికి ఫ్లాగ్‌షిప్ ఫోన్ అక్కర్లేదు, స్లో మోషన్ ఉన్న ఏ మిడ్‌రేంజ్ ఫోనైనా చాలు.

మాది నాలుగు బ్లింకులు.

సగానికి చీల్చి వెతకడం

కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు సగానికి సగం చీల్చుకుంటూ వెళ్తాం కదా, ఇంజన్‌కీ అదే పద్ధతి. పెట్రోల్ ఇంజన్ నడవాలంటే గాలి, పెట్రోల్, స్పార్క్ కావాలి. మూడిటిలో ఏది లేదో తేలిస్తే చాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆర్‌వీలో ఫ్రిజ్ చాలావరకు ప్రొపేన్ మంట మీద నడుస్తుంది. నీళ్ల హీటర్ కూడా అంతే. జనరేటర్ దగ్గర పెట్రోల్ పైపు విప్పే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయాలి, బ్యాటరీ నెగిటివ్ తీసేయాలి, ఇంజన్ పూర్తిగా చల్లారాలి. చేతికందేలా మంటలార్పే సిలిండర్ పెట్టుకోవాలి. టెస్ట్ కోసం సెల్ఫ్ తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ముందు కారిన పెట్రోల్ తుడిచి, గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాతే నెగిటివ్ మళ్లీ కలపండి.

మొదటి టెస్ట్: ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బరేటర్ నోట్లోకి కార్బ్ క్లీనర్ చిన్నగా ఒక్క పిచికారీ కొట్టి, ఫిల్టర్ మళ్లీ పెట్టేసి సెల్ఫ్ కొట్టాం. రెండు సెకన్లు ఢబఢబమని ఆగిపోయింది. అంటే స్పార్క్ ఉంది, గాలి ఉంది, కంట్రోల్ బోర్డు కూడా తన పని తాను చేస్తోంది. లేనిది పెట్రోల్ ఒక్కటే. ఈ రెండు సెకన్లతోనే బోర్డు ఖర్చు ఎగిరిపోయింది. ఈథర్ స్టార్టింగ్ స్ప్రేలు మాత్రం వాడకండి, చిన్న ఇంజన్‌కి అవి దెబ్బ.

రెండో టెస్ట్: స్టాప్ బటన్‌నే నొక్కి పట్టుకుంటే పెట్రోల్ పంపు ఆన్ అవుతుంది, దాన్నే ప్రైమింగ్ అంటారు. జనరేటర్ పక్కన చెవి పెడితే పంపు టకటక వినిపిస్తుంది. వినిపిస్తోంది కానీ పైపు చివర సీసా పెట్టి చూస్తే బుడగలు, నాలుగు చుక్కలు, మళ్లీ బుడగలు. పంపు పనిచేస్తోంది, పెట్రోల్ బదులు గాలి పీలుస్తోంది.

మూడో టెస్ట్ నాకు అన్నిటికంటే నచ్చింది. బండి ట్యాంక్‌ని పూర్తిగా పక్కన పెట్టేసి, చిన్న డబ్బాలో కొత్త పెట్రోల్ పోసి, జానెడు హోస్‌తో నేరుగా జనరేటర్‌కి కలిపాం. అలా నడిస్తే తప్పు ట్యాంక్ వైపు, నడవకపోతే తప్పు జనరేటర్ వైపు. ఇంజన్ అందుకుంది! కానీ నిలకడ లేదు. ఊఁ అని లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. దీన్ని హంటింగ్ అంటారు.

అంటే బగ్ ఒకటి కాదు, రెండు. ట్యాంక్ నుంచి వచ్చే ఇనుప గొట్టానికీ జనరేటర్‌కీ మధ్య ఉన్న రబ్బరు హోస్ పగిలిపోయి గాలి పీలుస్తోంది. బయటికి కారితే కనిపించేది, కానీ లోపలికి పీల్చే పగులు కనిపించదు, హోస్ వంచి చూస్తేనే తెలుస్తుంది. రెండోది కార్బరేటర్ జెట్. పాత పెట్రోల్ ఎండిపోయి లక్కలా అంటుకుంది.

ఇక్కడ ఆగిపోయే తీరు గురించి ఓ చిట్కా. ఇంజన్ తడబడుతూ, దగ్గుతూ మెల్లగా ఆగితే చాలావరకు పెట్రోల్ సమస్య. లైట్ స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగితే కరెంటు సమస్య. స్టార్ట్ బటన్ పట్టుకున్నంతసేపు నడిచి, వదలగానే ఆగిపోతే అది మూడో రకం. ఇంజన్ బానే ఉంది, కరెంటు తయారవుతున్నట్టు బోర్డుకి సిగ్నల్ అందట్లేదు. చాలాకాలం పడి ఉన్న జనరేటర్లలో స్లిప్ రింగుల మీద చిలుము పట్టి బ్రష్‌లకి కాంటాక్ట్ పోవడం మామూలే. అది చేతనైనవాళ్లకే వదిలేయండి, అక్కడ 120 వోల్టులు ఉంటాయి.

కార్బరేటర్ కడగడం, నాన్న చేతక్ క్లాసు

మా బ్యాచ్‌లో ఎవరూ జీవితంలో కార్బరేటర్ విప్పలేదు. మేం బైక్ కొనే వయసుకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. నాన్నకి వీడియో కాల్ చేస్తే ఆయన మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్లు బజాజ్ చేతక్ నడిపిన మనిషి. పొద్దున్నే స్కూటర్‌ని ఓ పక్కకి వంచి, చోక్ లాగి కిక్ కొట్టడం ఆ తరానికి సంధ్యావందనం లాంటిది.

"ఒరేయ్, ముందు గిన్నె విప్పి కింద ఏం ఉందో చూడు" అన్నారు. కార్బరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె ఉంటుంది. విప్పితే అడుగున చింతపండు పులుసు రంగులో జిగురు. వాసన పెట్రోల్‌లా లేదు, పాత వార్నిష్‌లా ఉంది.

"జెట్ విప్పి వెలుగుకి పెట్టి చూడరా. చుక్క కనపడాలి." కనపడలేదు. "పిన్నీసు గానీ గుచ్చావా, అంతే సంగతులు. చిల్లు పెద్దదైతే పెట్రోల్ తాగుడు పెరుగుద్ది."

అది నిజమే. జెట్ చిల్లు కొలత చాలా కచ్చితంగా ఉంటుంది. ఉక్కు సూది పెడితే గీసుకుపోతుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, వైర్‌లోంచి తీసిన ఒక్క రాగి పోగుతో మెల్లగా తుడిచి, స్ప్రే కొట్టి ఊదాం. రాగి మెత్తన కాబట్టి ఇత్తడి జెట్‌ని గీయదు. చుక్క వెలుగు కనపడింది. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, ఆ స్ప్రే ఎటువైపు నుంచి తిరిగొస్తుందో తెలీదు. మా వాడి టీషర్ట్ సాక్షి.

కొత్త హోస్, రెండు క్లాంపులు, పెట్రోల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, కార్బ్ క్లీనర్, అన్నీ కలిపి 60 డాలర్ల లోపే. రెండు శనివారాలు పట్టింది. హోస్ కొనేటప్పుడు దాని మీద పెట్రోల్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూడాలి. నీళ్ల హోస్‌ని ఇక్కడి ఇథనాల్ కలిసిన పెట్రోల్ తినేస్తుంది.

ఆ ఇథనాలే అసలు విలన్ అని చాలామంది అంటారు. నా లెక్కలో సగమే నిజం. అమెరికాలో బంకుల్లో దొరికేది ఎక్కువగా 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని పాడుచేస్తుంది. కానీ ఇథనాల్ లేని పెట్రోల్ కూడా నెలల తరబడి ఆ గిన్నెలో నిలవుంటే జిగురవుతుంది. అసలు శత్రువు వాడకపోవడం. మన దగ్గర కూడా ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలే కాబట్టి, ఇంట్లో పోర్టబుల్ పెట్రోల్ జనరేటర్ ఉన్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

రాత్రి లెక్క

జనరేటర్ నడిచింది సరే, నాన్న మెషిన్ సంగతి? ఎల్లోస్టోన్‌లో జనరేటర్లు అనుమతించే క్యాంప్‌గ్రౌండ్లలో కూడా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే వేయాలి. ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో తప్ప పార్క్ లోపల కరెంటు కనెక్షన్ ఉండదు, అక్కడ మాకు దొరకలేదు. కాబట్టి పగలు జనరేటర్ ఇంటి బ్యాటరీలని నింపాలి, రాత్రి అవే మెషిన్‌ని నడపాలి.

లెక్క ఇలా వేశాం. సీపాప్‌ని 12 వోల్టుల అడాప్టర్ మీద, హ్యుమిడిఫయర్ ఆపేసి నడిపితే మా ప్లగ్ మీటర్‌లో సుమారు 30 వాట్లు. అంటే రెండున్నర ఆంపులు, 8 గంటలకి 20 ఆంపియర్ అవర్స్. అక్కడ జూలైలో కూడా రాత్రి చలి గట్టిగా ఉంటుంది, హీటర్ గ్యాస్‌దే అయినా దాని బ్లోయర్ బ్యాటరీ మీదే. 8 ఆంపులు, రాత్రిలో సగంసేపు తిరుగుతుందనుకుంటే 32. ఫ్రిజ్ బోర్డు, డిటెక్టర్లు, లైట్లకి ఇంకో 10. మొత్తం 62. మాకున్నవి రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు, కలిపి 200. వాటిని సగం కంటే కిందికి దించకూడదు కాబట్టి వాడుకోదగ్గది 100. సరిపోతుంది, కానీ రెండు రాత్రులకి సరిపోదు. అంటే ప్రతి రోజూ జనరేటర్ కచ్చితంగా వేయాల్సిందే.

ఛార్జర్ మొదట్లో 40 ఆంపులు తోస్తుంది, బ్యాటరీ నిండేకొద్దీ తగ్గుతుంది. అందుకే 62 తిరిగి నింపడానికి గంటన్నర కాదు, రెండున్నర నుంచి మూడు గంటలు. మా జనరేటర్ సగం లోడ్ మీద గంటకి అర గ్యాలన్ అటూ ఇటూగా తాగుతుంది. రోజుకి గ్యాలన్ చిల్లర.

ఈ మొత్తంలో కొని తీరాల్సిన గ్యాడ్జెట్ ఏదైనా ఉందా అంటే బ్లూటూత్ బ్యాటరీ షంట్. మేం వాడింది విక్ట్రాన్ స్మార్ట్‌షంట్. బ్యాటరీ నెగిటివ్ వైర్‌లో పెడితే ఎన్ని ఆంపులు పోతున్నాయి, ఎన్ని వస్తున్నాయి, ఎంత మిగిలింది అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. బండి గోడ మీద ఉండే నాలుగు లైట్ల మీటర్‌ని నమ్మి ఎవరి ఊపిరినీ పణంగా పెట్టలేం. నాన్న రాత్రి లేచినప్పుడల్లా ఆ యాప్ చూసుకునేవారు, పొద్దున్నే "78 ఉందిరా" అని రిపోర్ట్ ఇచ్చేవారు.

పోర్టబుల్ పవర్ స్టేషన్ కొంటే పోలా అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. సీపాప్ ఒక్కదానికైతే పోతుంది, వెయ్యి వాట్ అవర్ల బాక్స్ మూడు రాత్రులు సులభంగా లాగుతుంది. కానీ దాన్ని మళ్లీ నింపేది ఎవరు? చెట్ల నీడలో సోలార్ పని చేయదు. ఇక రూఫ్ ఏసీ 1,500 వాట్ల పైన లాగుతుంది. అదే బాక్స్ ముప్పావు గంట కూడా ఆపలేదు. టెక్సస్ ఎండలో ఇంజన్ జనరేటర్‌కి ప్రత్యామ్నాయం అంటే చాలా పెద్ద లిథియం బ్యాంక్ కావాలి, అది వేరే బడ్జెట్.

కొండెక్కితే 4,000 వాట్లు 4,000 కాదు

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజన్ శక్తి తగ్గుతుంది. ఒనాన్ చెప్పే లెక్క ప్రకారం మొదటి 500 అడుగులు వదిలేసి, ఆ పైన ప్రతి వెయ్యి అడుగులకి 3.5 శాతం చొప్పున తగ్గించుకోవాలి. ఎల్లోస్టోన్ సరస్సు దగ్గర ఎత్తు సుమారు 7,700 అడుగులు. అంటే నాలుగో వంతు పోయింది, చేతికొచ్చేది 3,000 వాట్లే. డాలస్‌లో ఏసీ, మైక్రోవేవ్, ఛార్జర్ మూడూ కలిసి నడిచిన మెషిన్ అక్కడ మైక్రోవేవ్‌కీ ఛార్జర్‌కీ తోడు అమ్మ ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టగానే మూలిగింది. ఇడ్లీ ఒక వంతు, టీ ఒక వంతు అని టైమ్‌టేబుల్ వేసుకున్నాం.

పలచటి గాలికి అంతే పెట్రోల్ కలిస్తే ఇంజన్ నల్ల పొగ వదులుతుంది, ప్లగ్ మసిబారుతుంది. మా మోడల్ కార్బరేటర్ మీద ఎత్తుకి తగ్గట్టు తిప్పే చిన్న నాబ్ ఉంది. కొత్త మోడల్స్‌లో ఇంజెక్షన్ వచ్చి ఇది అవసరం లేకుండా పోతోంది. నాబ్ ఉన్నవాళ్లు కొండ దిగాక దాన్ని వెనక్కి తిప్పడం కచ్చితంగా గుర్తుంచుకోవాలి. కింద చిక్కటి గాలిలో పెట్రోల్ తక్కువై ఇంజన్ వేడెక్కిపోతుంది. మేం ఫోన్‌లో లొకేషన్ రిమైండర్ పెట్టాం. కొలరాడో దాటి టెక్సస్‌లోకి రాగానే "నాబ్ సున్నా" అని మోగింది.

ఇండియా నుంచి మిక్సీ తెచ్చుకున్నవాళ్లకి ఓ మాట: ఇక్కడ వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన 230 వోల్టుల మిక్సీ తిరగదు. ఇక్కడి వోల్టేజ్‌కి చేసిన ప్రీతి మోడల్స్ దొరుకుతాయి. ప్లగ్‌లో పెట్టే కిల్ ఎ వాట్ లాంటి చిన్న మీటర్ ఒకటి ఉంటే వోల్టేజ్, హెర్ట్జ్ రెండూ కనిపిస్తాయి. లోడ్ పెట్టినప్పుడు హెర్ట్జ్ 60 దరిదాపుల్లోంచి బాగా కిందికి జారిపోతుంటే లోడ్ తగ్గించండి, ఏసీ కంప్రెసర్‌కి అది మంచిది కాదు.

కార్బన్ మోనాక్సైడ్: ఇక్కడ బేరాల్లేవు

రంగు లేదు, వాసన లేదు. పెట్రోల్ పొగలో ఉంటుంది. రాత్రంతా మాస్క్ పెట్టుకుని గదిలో గాలినే పీల్చే మనిషి బండిలో ఉన్నప్పుడు ఇది రెండింతలు ఆలోచించాల్సిన విషయం. సీపాప్ ఆ వాయువుని వడకట్టదు.

మేం బండి కొన్నాక మొదట మార్చింది ఇంజన్ ఆయిల్ కాదు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్. దానికి ఎక్స్‌పైరీ ఉంటుంది, మోడల్‌ని బట్టి ఐదు నుంచి పదేళ్లు. వెనక తేదీ చూడండి. టెస్ట్ బటన్ నొక్కితే కూత వస్తుంది కదా అంటే, ఆ బటన్ చూసేది బజర్‌నీ, సర్క్యూట్‌నీ. ముసలిదైన సెన్సర్ సంగతి అది చెప్పదు. ఇంకోటి, ఇక్కడి యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం 70 పీపీఎం ఉంటే అలారం గంట నుంచి నాలుగు గంటల లోపు మోగితే చాలు. అంతకంటే తక్కువ మోతాదు గంటల తరబడి ఉన్నా అది నోరు మెదపకపోవచ్చు. అందుకే అంకె చూపించే చిన్న మీటర్ ఒకటి అదనంగా నాన్న మంచం దగ్గర పెట్టాం.

ఎవరైనా పడుకున్నప్పుడు జనరేటర్ వేయకూడదు, అది పగటి నిద్రైనా సరే. బండి కింద పొగగొట్టం బ్రాకెట్ ఊడిందేమో, చిల్లు పడిందేమో ప్రతి ట్రిప్‌కి ముందు వంగి చూడండి. గొట్టం చివర గోడకో, పక్క బండికో దగ్గరగా పెట్టకండి. ఎండుగడ్డి మీద అసలే వద్దు, నిప్పంటుకుంటుంది. పక్కవాళ్లు జనరేటర్ వేస్తే గాలి ఎటు వీస్తోందో చూసి అటు కిటికీ మూసేయండి. తలనొప్పి, వికారం ఒకేసారి ఇద్దరికి వస్తే ఘాట్ రోడ్డు మీదకి నెట్టేయకుండా ముందు అందరూ బయటికి వచ్చేయండి. ఆ తర్వాత 911.

నెలకి రెండు గంటలు

జనరేటర్‌కి కావాల్సిన సేవ చాలా తక్కువ. నెలకోసారి రెండు గంటలు, ఖాళీగా కాకుండా సగం లోడ్ మీద నడపాలి. మేం నెలలో మొదటి శనివారం ఏసీ ఆన్ చేసి అందులోనే కూర్చుని క్రికెట్ చూస్తాం. లోడ్ ఉంటే వేడి పుడుతుంది, లోపల తేమ ఆవిరవుతుంది, బ్రష్‌లు రింగుల మీద రాసుకుని శుభ్రంగా ఉంటాయి, గిన్నెలోకి కొత్త పెట్రోల్ వస్తుంది. ఐదు నిమిషాలు ఖాళీగా నడిపి ఆపేస్తే వీటిలో ఏదీ జరగదు.

ఆయిల్ మాకు 150 గంటలకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. పట్టేది లీటరున్నర, అంతే. గంటల మీటర్ జనరేటర్ మీదో, లోపల ప్యానెల్ మీదో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు అది తప్పకుండా చూడండి. చాలామంది తక్కువ గంటలు ఉంటే సంబరపడతారు. పదిహేనేళ్ల బండిలో 90 గంటలే ఉన్నాయంటే దాన్ని ఎవరూ నడపలేదని. నేనైతే అదే వయసు బండిలో 600 గంటలు తిరిగినదాన్నే తీసుకుంటా.

ఎయిర్ ఫిల్టర్ తీసినప్పుడు ఎలుక గూడు ఉందేమో కూడా చూడండి, నవ్వకండి, మాకు దొరికింది. ఎర్త్ వైర్ బోల్టు తుప్పు పట్టిందేమో గీకి బిగించండి. అంతుపట్టని కరెంటు వేషాలు చాలా అక్కడే మొదలవుతాయి.

చలికాలంలో రెండు మూడు నెలలు కదల్చలేం అనుకుంటే ట్యాంక్ నిండా కొట్టించి, పెట్రోల్ పాడవకుండా స్టెబిలైజర్ కలిపి, ఆ మందు కార్బరేటర్ దాకా చేరేలా అరగంట జనరేటర్ నడిపి ఆపండి. ట్యాంక్‌లో పోసి ఊరుకుంటే గిన్నెలో ఉన్నది పాతదే. స్టెబిలైజర్ సీసా మీద గ్యాలన్‌కి ఎంత అని రాసి ఉంటుంది. మా బండి 55 గ్యాలన్లు, అందుకని పెద్ద సీసాయే కొంటాం.